అమెరికా చిన్న కాలేజీల బాస్కెట్‌బాల్ లైవ్: పాలకొల్లు నుంచి ఒక పీఈటీ రివ్యూ

అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని మూడో డివిజన్ కింద నాలుగు వందలకు పైగా కాలేజీలున్నాయి. వీటిలో ఆట బాగా ఆడతాడని స్కాలర్‌షిప్ ఇవ్వరు. కుర్రాళ్లు ఫీజు కట్టుకుని, పరీక్షలు రాసుకుంటూ ఆడతారు. దాదాపు ప్రతి కాలేజీకీ ఆటల కోసం విడిగా ఒక వెబ్‌సైట్ ఉంటుంది. అందులో షెడ్యూల్ పేజీ తెరిస్తే ఒక్కో మ్యాచ్ పక్కన రెండు లింకులు కనిపిస్తాయి. ఒకటి వీడియో, రెండోది లైవ్ స్టాట్స్, అంటే ఆట జరుగుతుండగానే వచ్చే అంకెల లెక్కలు. చాలా కాలేజీల్లో రెండూ ఉచితమే. నేను రివ్యూ రాస్తున్నది ఈ రెండు లింకుల గురించి.

నేను హైస్కూల్ పీఈటీగా రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దున్నే మా ఊరి సిమెంటు కోర్టులో ఇంటర్, డిగ్రీ కుర్రాళ్లకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. ఒకప్పుడు నా దగ్గర ఆడిన కుర్రాడు బోస్టన్ దగ్గర స్థిరపడ్డాడు. వాడి కొడుకు ఆ బోస్టన్ ఉన్న న్యూ ఇంగ్లాండ్ ప్రాంతంలోనే ఒక చిన్న కాలేజీ జట్టులో గార్డు, అంటే బంతిని నడిపించే ఆటగాడు. "మాస్టారూ, మీరు చెప్పిన ఎడమచేతి డ్రిబ్లింగే వీడికీ నేర్పాను, ఒకసారి చూసి చెప్పండి" అని వాట్సాప్‌లో లింకు పంపాడు. ఆ కుర్రాడి కోసం చూడటం మొదలుపెట్టాను. ఇప్పుడు వాడి మ్యాచ్ లేని రోజున కూడా వేరే కాలేజీల ఆటలు వెతుక్కుని చూస్తున్నాను.

టైం సంగతి మొదట తేల్చుకోవాలి. వాళ్ల సైట్లో "ఈటీ" (ఈస్టర్న్ టైం, అమెరికా తూర్పు వైపు సమయం) అని ఉంటే దానికి పదిన్నర గంటలు కలపండి. శుక్రవారం రాత్రి 7 గంటల ఆట మనకు శనివారం తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. అయోవా, మిన్నెసోటా వైపు కాలేజీలైతే ఇంకో గంట కలపాలి. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు ముందుకు జరుపుతారు కాబట్టి ఆ తర్వాత మనకూ వాళ్లకూ తేడా ఒక గంట తగ్గుతుంది. కానీ అప్పటికి సీజన్ దాదాపు అయిపోయి, జాతీయ టోర్నమెంటు చివరి రౌండ్లే మిగులుతాయి. నవంబర్ మొదట్లో మొదలయ్యే సీజన్‌లో జనవరి, ఫిబ్రవరి వారాంతాలే ముఖ్యం. న్యూ ఇంగ్లాండ్ కాలేజీల కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) నెస్కాక్‌లో శుక్రవారం రాత్రి ఒక జట్టుతో, శనివారం మధ్యాహ్నం ఇంకో జట్టుతో ఆడటం మామూలు. వరుసగా రెండు రోజులు ఆడాలి కాబట్టి శుక్రవారం ఎవరిని ఎంతసేపు ఆడించాలన్నది కోచ్‌కి పెద్ద లెక్క. మొదటి రోజు ముప్పై అయిదు నిమిషాలు ఆడిన కుర్రాడికి రెండో రోజు ఆఖర్లో కాళ్లు లేవవు, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి ఇచ్చే ఉచిత షాట్లు) రింగు ముందు అంచుకే తగులుతాయి. ఇవన్నీ కళ్లారా చూడొచ్చు.

ఈ 5:30 మాకు ఎలా కలిసొచ్చిందో చెప్పాలి. ధనుర్మాసంలో గోదావరి జిల్లాల్లో మంచు ఎలా పడుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కాలువ గట్టు మీద నాలుగు అడుగుల అవతల మనిషి కనబడడు. సిమెంటు కోర్టు తడిసి నున్నగా జారుతుంది. ఆ తడిలో కుర్రాడు పరిగెడుతూ ఒక్కసారిగా దిశ మార్చాడా, మోకాలు పోయిందన్నమాటే. అందుకని చలికాలంలో ఎండ వచ్చి కోర్టు ఆరేదాకా ఎవర్నీ దిగనివ్వను. పొద్దున్నే వచ్చిన పిల్లలు ఇదివరకు ఊరికే గట్టు మీద కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్లు. ఇప్పుడు శనివారాలు మా ఇంటి వరండాలో టీవీ పెడుతున్నాను. గుడి మైకులో తిరుప్పావై వస్తుంటే ఇక్కడ మొదటి జంప్ బాల్ పడుతుంది. మ్యాచ్ దాదాపు రెండు గంటలు. అయ్యేసరికి ఎండ వస్తుంది, కోర్టు ఆరుతుంది. ఇప్పుడే చూసింది ఇప్పుడే చేసి చూడటానికి పిల్లలు పరిగెత్తుతారు.

వీడియో నాణ్యత విషయానికొస్తే, సాధారణంగా ఒకటే కెమెరా. కోర్టు మధ్య గీతకు ఎదురుగా, గ్యాలరీ పైమెట్టు మీద ఉంటుంది. బంతి ఎటు పోతే అటు తిరుగుతుంది. క్లోజప్‌లు ఉండవు. రీప్లేలు చాలాచోట్ల ఉండవు. కామెంటరీ ఎక్కువగా ఆ కాలేజీ విద్యార్థులే చెబుతారు. టీవీలో ఎన్‌బీఏ చూసి అలవాటైనవాళ్లకు మొదటి పది నిమిషాలు వెలితిగా అనిపించవచ్చు. నేర్చుకునేవాడికి మాత్రం ఇదే మేలైన కెమెరా అని నా గట్టి అభిప్రాయం. పెద్ద ప్రసారాల్లో బంతి ఉన్నవాడి ముఖం చూపిస్తారు. బంతి లేని నలుగురూ ఏం చేస్తున్నారో కనబడదు. ఈ ఒక్క కెమెరాలో పదిమందీ కనబడతారు. ఎడమవైపు బంతి ఉంటే కుడివైపు డిఫెండర్ ఎన్ని అడుగులు లోపలికి జరిగాడు, స్క్రీన్ పెట్టినవాడు (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడినవాడు) తర్వాత రింగు వైపు తిరిగాడా, అలాగే నిలబడిపోయాడా, షాట్ పడకముందే రీబౌండ్‌కి (తప్పిపోయి వెనక్కొచ్చే బంతికి) ఎవరు ఎవర్ని వీపుతో అడ్డుకున్నారు, ఇవన్నీ చూపించి చెప్పొచ్చు. ఎన్నేళ్లు సుద్దముక్కతో నేల మీద గీసి చెప్పినా పిల్లల బుర్రకెక్కని హెల్ప్ డిఫెన్స్ (పక్కవాడికి సాయంగా జరిగి అడ్డుకోవడం) ఈ మ్యాచ్‌లు చూశాక ఎక్కింది.

ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ ఆడేవాళ్ల ఒడ్డూ పొడుగూ మన కుర్రాళ్లకు అందనంతగా ఉండవు. ఆరడుగుల లోపు గార్డులు చాలామంది కనిపిస్తారు. డంక్‌లు (ఎగిరి చేత్తో బంతిని రింగులో కుక్కడం) తక్కువ. పాయింట్లు వచ్చేది పాస్‌లతో, కాళ్ల పనితనంతో, ఓపిగ్గా మంచి షాట్ కోసం ఎదురుచూడటంతో. ఎన్‌బీఏ చూపిస్తే మా పిల్లలు ఈలలు వేస్తారు, అంతే. ఇది చూపిస్తే "మాస్టారండీ, ఆ పాస్ మనం కూడా వెయ్యొచ్చండి" అంటారు. ఈ స్థాయి నుంచి పైకి వెళ్లినవాళ్లు లేకపోలేదు. మయామీ హీట్‌కి ఆడిన డంకన్ రాబిన్సన్ మొదటి ఏడాది ఆడింది విలియమ్స్ కాలేజీకి, మూడో డివిజన్‌లోనే. 2014 ఫైనల్లో ఆ జట్టు విస్కాన్సిన్-వైట్‌వాటర్ చేతిలో 75-73తో ఓడిపోయింది. కానీ అలాంటివాళ్లు అరుదు. మిగతావాళ్లకు ఇదే ఆఖరి మెట్టు, వాళ్లకా సంగతి తెలుసు. తెలిసి కూడా ఎవరి చేతిలోనూ లేని బంతి కోసం నేల మీద పడతారే, అది చూస్తే నాకు చాలా ఇష్టం కలుగుతుంది.

రూల్స్‌లో తేడాలు పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే తికమక పడతారు. మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) ఆటలో పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. అక్కడ పురుషుల కాలేజీ ఆటలో ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండు. షాట్ క్లాక్, అంటే బంతి దొరికాక షాట్ వేయడానికి గడువు, మనకు 24 సెకన్లు, వాళ్లకు 30. త్రీ పాయింట్ గీత మాత్రం ఇప్పుడు రెండు ఆటల్లోనూ ఒకే దూరం. ఫౌల్స్ లెక్క అసలు తేడా. హాఫ్‌లో ఏడో టీం ఫౌల్ నుంచి వన్ అండ్ వన్ ఇస్తారు, అంటే మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది. పదో ఫౌల్ నుంచి రెండూ గ్యారంటీ. చివరి రెండు నిమిషాల్లో ఈ లెక్క తెలియకుండా చూస్తే ఎందుకు కావాలని ఫౌల్ చేస్తున్నారో అర్థం కాదు. తెలిసి చూస్తే వచ్చే టెన్షన్ వేరు.

ఇక రెండో లింకు, లైవ్ స్టాట్స్. వీడియో కన్నా దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. స్కోరర్ల టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు ప్రతి షాట్, రీబౌండ్, అసిస్ట్ (షాట్ పడటానికి దారితీసిన పాస్), ఫౌల్, టర్నోవర్ (బంతి పోగొట్టుకోవడం) కొట్టగానే మన ఫోన్‌లో పడుతుంది. కోర్టు బొమ్మ మీద ఏ షాట్ ఎక్కడినుంచి వేశారో చుక్కలతో చూపించే సైట్లు కూడా ఉన్నాయి. డేటా చాలా కొద్దిగా ఖర్చవుతుంది. మా వైపు రాత్రిళ్లు రొయ్యల చెరువుల ఏరేటర్లన్నీ నడుస్తున్న టైంలో వోల్టేజీ పడిపోయి మోడెమ్ ఆగిపోతుంటుంది. అప్పుడు వీడియో వదిలేసి ఫోన్ సిగ్నల్ మీద ఈ పేజీ చూస్తాను. ఒక్కో లైనూ చదువుతుంటే రేడియోలో కామెంటరీ విన్న రోజులు గుర్తొస్తాయి.

ఒక జాగ్రత్త. వీడియో కన్నా స్టాట్స్ ముందుంటాయి. టీవీలో కుర్రాడు ఇంకా షాట్‌కి చెయ్యి ఎత్తకముందే ఫోన్‌లో "పడింది" అని వచ్చేస్తుంది. మా ఆవిడ ఫోన్ పట్టుకుని ముందే చెప్పేస్తుంటే పిల్లలు గోల పెట్టారు. ఇప్పుడు ఇంటర్వెల్‌లోనూ టైం ఔట్లలోనూ మాత్రమే స్టాట్స్ తీస్తాం. అప్పుడు ఒక కుర్రాడి చేత పైకి చదివిస్తాను.

చదవటం నేర్పడానికి నేను వాడే పాత స్కోర్ షీట్ ఒకటుంది. 2012 నవంబర్‌లో అయోవాలోని గ్రిన్నెల్ కాలేజీ కుర్రాడు జాక్ టేలర్ ఒక్క మ్యాచ్‌లో 138 పాయింట్లు కొట్టాడు. ఆ సంఖ్య వినగానే పిల్లలు నోరెళ్లబెడతారు. అప్పుడు వరుస చదవమంటాను: 108 షాట్లు వేస్తే 52 పడ్డాయి. అందులో త్రీలు, అంటే మూడు పాయింట్ల షాట్లు, 71 వేస్తే 27. ఫ్రీ త్రోలు పదికి ఏడు. అసిస్టులు సున్నా. చదివాక "ఈ జట్టులో మిగతా నలుగురిగా మీరుంటే ఏం చేస్తారు" అని అడుగుతాను. ఆ రోజు ప్రాక్టీస్ అరగంట ఆలస్యమైనా పరవాలేదు, ఆ వాదన జరగనిస్తాను. గ్రిన్నెల్ పద్ధతే వేరు. కోర్టంతా ప్రెస్ చేస్తారు (ఎదుటివాళ్లను వెంటాడి ఒత్తిడి పెడతారు), అయిదుగురినీ ఒకేసారి మార్చేస్తారు, త్రీలు కురిపిస్తారు. నాకు ఆ ఆట అంతగా నచ్చదు గానీ పిల్లలకు ఒక్కసారైనా చూపించాలి.

లోపాలూ ఉన్నాయి. మ్యాచ్ ఎవరి కోర్టులో జరిగితే ఆ కాలేజీయే వీడియో ఇస్తుంది కాబట్టి ప్రతి వారం నాణ్యత మారిపోతుంది. ఒకచోట స్పష్టంగా స్కోరు, గడియారం తెర మీద ఉంటాయి. మరోచోట కెమెరా గోడమీది స్కోర్‌బోర్డు వైపు తిప్పితే తప్ప స్కోరు తెలియదు. ఒక మ్యాచ్‌లో సెకండ్ హాఫ్ అంతా కామెంటరీ లేదు, బూట్ల కిచకిచలే వినిపించాయి. ఇంకోసారి ఓవర్‌టైం మొదలవగానే వీడియో ఆగిపోయింది, మళ్లీ రాలేదు. కొన్ని కాన్ఫరెన్సులు ప్రసారాన్ని పెయిడ్ ప్లాట్‌ఫామ్‌లకు ఇచ్చేశాయి. అలాంటిచోట నా శిష్యుడి కొడుకు బయటి కోర్టులో ఆడుతుంటే ఒక్క మ్యాచ్ కోసం డాలర్లలో చందా కట్టాలి. నేను కట్టను, ఎవర్నీ కట్టమని చెప్పను. ఆ రోజుకి స్టాట్స్ పేజీ చాలు. ఫోన్ డేటాతో వీడియో మొత్తం చూస్తే ఆ రోజు ప్యాక్ దాదాపు అయిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

శనివారం మధ్యాహ్నం వాళ్లాడే ఆట మనకు ఆ అర్ధరాత్రి దాటాక వస్తుంది. అది లైవ్‌గా చూడను. చాలా కాలేజీలు మ్యాచ్ మొత్తం అలాగే ఉంచుతాయి, ఆదివారం భోజనాలయ్యాక చూస్తాను. అప్పటిదాకా వాట్సాప్ తెరవను, ఎందుకంటే బోస్టన్‌లోని నా శిష్యుడు స్కోరు పెట్టేస్తాడు. సంక్రాంతి వారంలో పందేలకీ తీర్థాలకీ తిరిగి కుర్రాళ్లెవరూ రారు. ఒక ఏడాది భోగి శనివారమే పడింది. వీధిలో మంటలు, లోపల మ్యాచ్. అయినా ఇద్దరొచ్చారు, ఆ ఇద్దరే ఇప్పుడు మా జట్టుకి గార్డులు.

ఆట పుట్టింది కూడా ఒక పీఈ మాస్టారి చేతిలోనే అని పిల్లలకు చెబుతుంటాను. 1891 డిసెంబర్‌లో మాసచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి బయట ఆడలేని కుర్రాళ్ల కోసం జేమ్స్ నైస్మిత్ గారు పీచ్ పళ్ల బుట్టలు కట్టి 13 రూల్స్ రాశారు. ఆ బడే ఇప్పటి స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీ. ఇప్పుడు అదీ మూడో డివిజన్ కాలేజీయే, వాళ్ల మ్యాచ్‌లూ చూడొచ్చు.

ఈ ప్రసారాలు చూస్తూ నాకు పుట్టిన కోరిక ఒకటి రాస్తాను. భీమవరం, తణుకు, అమలాపురం వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో మంచి కోర్టులున్నాయి. ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్‌లు జరుగుతాయి. ఆడే పిల్లల తల్లిదండ్రులు ఏ లంకలోనో వరి కోతల్లోనో ఉంటారు, రాలేరు. ఒక ఫోన్, ఒక ట్రైపాడ్, గ్యాలరీ పైమెట్టు చాలు. కాలేజీల పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు) ఎవరైనా ఇది చదువుతుంటే ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి. మా ఊళ్లో జరిగే చిన్న టోర్నమెంటుకి మేం పెడుతున్నాం. స్టాట్స్ రాయడానికి డిగ్రీ చదివే అమ్మాయిలు ఇద్దరు ముందుకొచ్చారు. ఫౌల్ అవగానే రిఫరీ టేబుల్ వైపు తిరిగి వేళ్లతో చూపించే జెర్సీ నంబరు తప్పు లేకుండా చదవడం ఇప్పుడు వాళ్లు ప్రాక్టీస్ చేస్తున్నారు.