మేపుల్ సిరప్: కొనే ముందు సీసా వెనుక భాగం చదవండి

విజయనగరంలో ఒక సూపర్ మార్కెట్‌లో కొన్న 250 మిల్లీలీటర్ల మేపుల్ సిరప్ సీసాను పూర్తిగా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. మేపుల్ సిరప్ అంటే మేపుల్ చెట్టు నుంచి కారే నీటిని మరిగించి చేసే తియ్యని పాకం. ఈ సీసా నేను కొన్న రెండవది. మొదటిది వేరొక దుకాణంలో సగం ధరకే దొరికింది. దాని మీద కూడా ఎర్రని మేపుల్ ఆకు బొమ్మ ఉంది గాని, ఇంటికి తెచ్చి వెనుకనున్న చిన్న అక్షరాలు చదివితే మొక్కజొన్న సిరప్, రంగు, మేపుల్ ఫ్లేవర్ అని రాసి ఉంది. అసలు సరుకైతే పదార్థాల చోట మేపుల్ సిరప్ అన్న ఒక్క మాటే ఉంటుంది.

ధర ఎక్కువే. అయితే దానికి కారణం ఉంది. మన వైపు తాటిగెల గీసి లొట్టి కట్టినట్లే, కెనడాలోను, అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులలో, షుగర్ మేపుల్ మానుకు చిన్న రంధ్రం చేసి కారే నీటిని పడతారు. నీరా నోట్లో పోసుకోగానే తియ్యగా తగులుతుంది; మేపుల్ నీటిలో చక్కెర సుమారు 2 శాతమే కాబట్టి, 1 లీటరు సిరప్ కావాలంటే దాదాపు 40 లీటర్ల నీటిని మరిగించాలి. ఆ రంగు, ఆ వాసన చాలా వరకు ఆ మరుగులోనే పుడతాయి.

సీసా మీది ఎర్రని ఆకుకూ ఈ తీపికీ చుట్టరికం ఉంది. వేసవిలో ఆకులు తయారు చేసిన చక్కెర పిండిపదార్థంగా మానులో దాగి, చలికాలం చివర తిరిగి చక్కెరగా మారి ఆ నీటిలో కలుస్తుంది. శరదృతువులో పత్రహరితం తగ్గగానే ఆకులోని పసుపు, నారింజ వన్నెలు బయటపడతాయి. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉంటే, ఆకులో మిగిలిన చక్కెర సాయంతో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం తయారై ఎరుపు వస్తుంది.

నేను తీసుకున్నది డార్క్ రకం. వేడి చోడిపిండి అట్టు మీద పోస్తే తేనె కంటే పలచగా జారి, అట్టు రంధ్రాలలోకి ఇంకి, అంచుల దగ్గర ముదురు గోధుమ రంగులో నిలిచింది. మొదట తగిలేది మాడీమాడని పాకం వాసన, ఆ వెనుక కాస్త కలప వాసన. మనకు తెలిసిన రుచులలో తాటి బెల్లానికే ఇది దగ్గర. పెరుగులోనూ బాగుంది. కాఫీలో మాత్రం నాకు నచ్చలేదు. చక్కెర వ్యాధి ఉన్నవారు దీనిని పంచదారకు బదులుగా నిశ్చింతగా వాడవచ్చని అనుకోకూడదు, ఎందుకంటే ఇందులో ఉన్నది కూడా ప్రధానంగా సుక్రోజే, అంటే పంచదారలో ఉండే చక్కెరే.

మూత తీశాక తేనెలాగా అలమారలో ఉంచితే ఇది నిలవదు. మూత తీసిన సీసాను నేను పది రోజులు బయటే ఉంచితే పైన తెల్లని బూజు తేలింది. మూత తీసిన రోజు నుంచే ఫ్రిజ్‌లో పెట్టండి.