తిరుమల ఘాట్‌పై నెక్సాన్ ఇవి, ఏస్ ఇవి: కరెంటు లెక్క

టన్ను బరువును 100 మీటర్లు పైకెక్కించడానికి 0.27 యూనిట్ కరెంటు కావాలి. ఏ కంపెనీ బండైనా దీన్ని తప్పించుకోలేదు. అలిపిరి నుంచి తిరుమలకు ఎత్తు సుమారు 700 మీటర్లు, దారి సుమారు 17 కిలోమీటర్లు.

45 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ముగ్గురితో 1.7 టన్నులు తూగుతుందనుకుందాం. ఎత్తుకే 3.2 యూనిట్లు పోతాయి. టైర్ల రాపిడి, గాలి, మోటారు నష్టం, ఏసీ కలిపితే 5.4 దాకా, అంటే బ్యాటరీలో 12 శాతం. పైకి చేరేసరికి మీటర్ యూనిట్‌కు 3 కిలోమీటర్లే చూపిస్తే బెంబేలు పడనక్కర్లేదు. దిగేటప్పుడు రీజెన్ (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం) వల్ల 1.4 యూనిట్ వరకు వెనక్కి వస్తుంది. వేగం తక్కువ కాబట్టి గాలి నష్టం కూడా స్వల్పమే. రానూపోనూ సగటు యూనిట్‌కు 8 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. హైవే మీద వందలో పోతే ఇంత రాదు!

టాటా చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు ఏస్ ఇవి సంగతి వేరు. 21.3 యూనిట్ల బ్యాటరీ, 27 కిలోవాట్ల మోటారు, 600 కిలోల సరుకు. మొత్తం 1.84 టన్నులతో ఎక్కడానికి 5.8 యూనిట్లు, అంటే బ్యాటరీలో నాలుగో వంతు పైనే. 8 శాతం ఏటవాలులో గంటకు 50 దాటించాలని చూస్తే మోటారుకు ఇక మిగులు శక్తి ఉండదు. 30-35లో నింపాదిగా పోవడమే మేలు.

అసలు దెబ్బ తిరుగు ప్రయాణంలో ఉంది. సరుకు కొండపైనే దించేసి ఖాళీగా వస్తే, ఆ 600 కిలోల ఎత్తుకు పెట్టిన కరెంటు తిరిగిరాదు. వెనక్కి దక్కేది 0.8 యూనిట్ మాత్రమే, లోడుతో దిగితే 1.4. అందుకే అరకు నుంచి కూరగాయలు కిందికి తెచ్చే బండికి ఇదే ట్రక్కు బాగా గిడుతుంది: ఖాళీగా ఎక్కి, నిండుగా దిగుతుంది. అయినా కిలో సరుకు లెక్కన చూస్తే కారు దీని దరిదాపులకు రాదు.

కొండపైన చార్జింగ్ పెట్టినా 85 శాతం దగ్గర ఆపేయాలి. నిండిన బ్యాటరీ రీజెన్ కరెంటును తీసుకోదు, భారమంతా బ్రేకులపై పడి అవి వేడెక్కుతాయి. న్యూట్రల్‌లో దిగినా ఇదే తంటా, పైగా ఒక్క యూనిట్ కూడా దక్కదు. నెక్సాన్‌లో స్టీరింగ్ వెనక ప్యాడిల్‌తో రీజెన్‌ను 3కి పెట్టి మలుపుల్లో మాత్రం 2కి తగ్గిస్తే కుదుపు ఉండదు. చలికాలం తెల్లవారుజామున బ్యాటరీ చల్లగా ఉంటే మొదటి కొన్ని మలుపుల్లో రీజెన్ బలహీనంగా ఉంటుంది. అప్పుడు బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచాలి. ట్రక్కుకైతే ఎక్కే ముందు టైర్లలో గాలి కూడా చూసుకోవాలి, లోడుకు తగ్గట్టు లేకపోతే రాపిడి ఖర్చు ఇంకా పెరుగుతుంది.