స్పిట్‌ఫైరా, మెసర్‌ష్మిట్ 109నా: సిమ్యులేటర్‌లో ముందు ఏది?

బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం చూసొచ్చి, ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్ కోసం జాయ్‌స్టిక్ బిగించుకున్న వైజాగ్ కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. స్పిట్‌ఫైర్ బ్రిటన్‌ది, మెసర్‌ష్మిట్ 109 జర్మనీది. 1940 నాటి ఈ రెండు ఫైటర్లలో నేనైతే ముందు స్పిట్‌ఫైర్ నేర్చుకోమంటాను.

మలుపుల్లో దానిది పైచేయి. కాకపోతే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) మరీ తేలిక, స్టిక్ గట్టిగా లాగితే స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయి. విమానం వణకడం మొదలవగానే పట్టు కాస్త వదలండి. సెట్టింగుల్లో పిచ్ కర్వ్ (స్టిక్ లాగితే ముక్కు ఎంత చురుగ్గా కదలాలో చెప్పేది) కొంచెం మెత్తబరిస్తే సగం టెన్షన్ పోతుంది. అసలు చిక్కు ఇంజిన్‌ది. స్పిట్‌ఫైర్‌లోని తొలి మెర్లిన్ ఇంజిన్లకు ఇంధనాన్ని గాలితో కలిపే ఫ్లోట్ కార్బురేటర్ ఉండేది. స్టిక్ ఒక్కసారిగా ముందుకు తోస్తే ఇంధనం సరిగా అందక ఇంజిన్ కొన్ని క్షణాలు చచ్చుబడుతుంది. అందుకే డైవ్ చేయాలంటే ముందు విమానాన్ని తలకిందులుగా తిప్పి, అప్పుడు స్టిక్ లాగాలి. ఈ కదలిక చేతికి పట్టేదాకా సాధన చేయండి, చాలా బావుంటుంది కూడా.

109కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కాబట్టి నేరుగా ముక్కు దించి తప్పించుకోవచ్చు. వేగం తగ్గితే రెక్కల ముందంచు స్లాట్లు (స్టాల్ కాకుండా తోడ్పడే చిన్న పలకలు) వాటంతటవే తెరుచుకుంటాయి. కానీ వేగం పెరిగేకొద్దీ స్టిక్ బిగుసుకుపోతుంది. ముక్కును పక్కలకు తిప్పే తోక పలక రడ్డర్. దాన్ని ఒక స్థితిలో నిలిపి ఉంచే ట్రిమ్‌ను కాక్‌పిట్ నుంచి మార్చలేం. టేకాఫ్‌లో థ్రాటిల్ ఒకేసారి తోస్తే ఎడమకు లాగేస్తుంది. రడ్డర్ పెడల్స్ కొనే ఆలోచన లేకపోతే, 109 జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.