వార్డు ఇన్‌ఛార్జ్‌ల కోసం పెట్టిన రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్: నా అనుభవం

పదకొండేళ్లుగా ఆస్పత్రిలో నర్సుల మీద వార్డు ఇన్‌ఛార్జ్‌గా పనిచేస్తున్నాను. ఈ ట్రైనింగ్‌కి పంపితే వెళ్లాను గానీ ఇష్టపడి వెళ్లలేదు. ఇప్పుడు మాత్రం మొదటి రోజు మధ్యాహ్నం కోసమైనా వెళ్లమని చెబుతాను.

ఆ మధ్యాహ్నం ఎవరి వార్డులో జరిగింది వాళ్లు చెప్పాలి. దాన్ని నాలుగు ప్రశ్నలతో విడదీయాలి. ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? ఈసారి ఏం చేద్దాం? అమెరికా సైన్యం శిక్షణలో మొదలైన పద్ధతి ఇది. తప్పు ఎవరిదన్న ప్రశ్నే ఇందులో లేదు.

నేను మా జూనియర్ సిస్టర్ సంగతి చెప్పాను. నైట్ డ్యూటీలో ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరికి ఇవ్వబోయి, చేతి ట్యాగ్ చూసి ఆగింది. పొద్దున తనే వచ్చి చెప్పింది. నేను డ్యూటీ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో అందరి ముందూ అరిచాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఒక్క పొరపాటూ నా చెవిన పడలేదు. వార్డు దారిలో పడిందనుకున్నాను.

అప్పుడు ట్రైనర్ ఒక పరిశోధన గురించి చెప్పారు. హార్వర్డ్ ప్రొఫెసర్ అమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించింది అది. మంచి ఇన్‌ఛార్జ్ ఉన్న నర్సింగ్ టీమ్‌లలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా బయటపడ్డాయట. అక్కడ భయం లేదు కాబట్టి చెప్పుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అమ్మాయికి నేను థాంక్స్ చెప్పాల్సింది.

థాంక్స్ చెప్పడం మీద కూడా గంటసేపు ప్రాక్టీసు చేయించారు. "బాగా చేశావు" అంటే ఒప్పుకోలేదు. ఏ పని చేసింది, దానివల్ల ఎవరికి మేలు జరిగింది, విడమరిచి చెప్పాలి. నాకు మూడోసారికి గానీ కుదరలేదు.

రెండో రోజు తేలిపోయింది. మీరు ఏ రకం లీడరో తేల్చే ప్రశ్నపత్రం, ఆపైన స్లైడ్లే స్లైడ్లు. డాక్టర్‌తో మాట తేడా వస్తే సిస్టర్ల తరఫున ఎలా నిలబడాలని అడిగాను. టైం లేదన్నారు. మాకు అన్నిటికంటే కావాల్సింది అదే. వెళ్లేవాళ్లు ఒకే వార్డు నుంచి ఇద్దరు వెళ్లండి, తిరిగొచ్చాక ఒక్కరే అమలు చేయడం కష్టం.

మర్నాడే హ్యాండోవర్‌లో, అందరి ముందే, ఆ సిస్టర్‌కి సారీ చెప్పాను. ట్యాగ్ చూసి ఆగినందుకు, దాచకుండా చెప్పినందుకు థాంక్స్ అన్నాను. ఆ వారంలోనే మూడు పొరపాట్లు నా దగ్గరికొచ్చాయి. రెండు మందుల ట్రే సర్దడంలో జరిగినవి. ఒకేలా కనిపించే సీసాలను ఇప్పుడు వేరే అరలో పెడుతున్నాం.