మిద్దె కారుతోంది: మద్రాస్ టెర్రస్సా, స్లాబా?

చెన్నై జార్జ్‌టౌన్‌లో తాతల నాటి ఇల్లున్న మనవాళ్లకి కార్తీకం వానలొస్తే ఇదే టెన్షన్: పాతకాలపు సున్నం మిద్దె, అంటే మద్రాస్ టెర్రస్‌నే బాగుచేయించాలా, తీసేసి కాంక్రీటు స్లాబు వేయించాలా?

పని: టెర్రస్‌కి టేకు దూలాల మీద పలచటి ఇటుకల్ని అంచుమీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికిస్తారు. పైన ఇటుక ముక్కలు, సున్నం పరిచి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరిస్తూ రోజుల తరబడి చెక్కలతో కొడతారు. స్లాబుకి సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆపే తాత్కాలిక తొడుగు) కట్టాక ఒక్కరోజులో పోసేస్తారు.

ఖర్చు: స్లాబే నయం. టెర్రస్ తెలిసిన మేస్త్రీ దొరకడమే గగనం.

రిస్క్: టెర్రస్ దూలానికి చెద, స్లాబులోని ఇనుప కమ్మీకి తుప్పు. సముద్రపు గాలి మరి! సున్నం బలహీనమనకండి, ఎర్రిటుకల మద్రాసు హైకోర్టు 1892 నుంచి నిలబడే ఉంది. కానీ పాత గోడల మీద స్లాబు బరువు మోపేముందు ఇంజనీరుకి చూపించాల్సిందే.

వేడి: మే నెలలో స్లాబు కింద పడుకుంటే తెలుస్తుంది.

దూలాలు గట్టిగా ఉండి పైపొరే చీలితే టెర్రస్‌నే బాగుచేయించండి. అవి గుల్లబారినా, ఇంకో అంతస్తు కావాలన్నా స్లాబే, అదీ పిల్లర్లు లేపి.