కాగితాలు చూసే లాయరంటే ఇలా ఉండాలి (ఫోన్ ఎత్తితే ఇంకా బాగుండు)

కూకట్‌పల్లిలో పాత ఇల్లు బేరం కుదిరాక, అడ్వాన్స్ ఇవ్వకముందే లింకు డాక్యుమెంట్లన్నీ (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు) ఇక్కడ చూపించాం. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) క్లీన్‌గానే ఉన్నా, లాయరుగారు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తిరగేసి, ఇద్దరు ఆడపిల్లల పేర్ల కింద పెన్సిల్‌తో గీత గీసి, "అన్నదమ్ములే అమ్ముతున్నారు, మరి వీళ్ల సంతకాలేవి?" అన్నారు. తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతుళ్లకీ సమాన వాటా, పెళ్లయి వెళ్లిపోయారంటే కుదరదు, ఈ వాటాలేమో ఈసీలో కనపడవు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కొనేవాళ్లే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి కోసి కట్టాలనీ చెప్పారు.

ఫీజు కాస్త ఎక్కువే, లీగల్ ఒపీనియన్ రాసివ్వడానికి బాగా తిప్పించుకున్నారు కూడా. పనికి మాత్రం వంక పెట్టలేం. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, పార్కింగ్ అస్సలు లేదు.