డార్క్ సోల్స్ రీమాస్టర్డ్ రివ్యూ: బరువు చూసుకోండి, దారి గుర్తుపెట్టుకోండి

డార్క్ సోల్స్ పేరెత్తగానే "అమ్మో, చాలా కష్టం" అనేస్తారు. కష్టమే, కాదనలేం. కానీ మొదటి రోజే విసుగొచ్చి పక్కన పెట్టేసేవాళ్లు దెబ్బతినేది సాధారణంగా రెండే రెండు చోట్ల. ఒకటి, ఒంటిమీద ఎంత బరువుందో చూసుకోకపోవడం. రెండు, తప్పు దారి పట్టడం. ఈ రెండింటి గురించీ ఆట నోరు విప్పి చెప్పదు. ఆ రెండూ తెలిసి మొదలుపెడితే యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో దీని మొదటి సగానికి సాటి వచ్చేది ఈరోజుకీ దొరకడం కష్టం.

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ స్టూడియో, హిడెటాకా మియాజాకి దర్శకత్వంలో 2011లో దీన్ని పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లకు తెచ్చింది. 2012లో పీసీకి వచ్చిన కూర్పు 720పీ, సెకనుకు 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోయింది. అభిమానులు తయారుచేసిన ప్యాచ్ వేసుకుంటే తప్ప చూడబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు స్టీమ్‌లో కొత్తగా కొనగలిగేది 2018 మేలో వచ్చిన రీమాస్టర్డ్ ఒక్కటే. పీసీ, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో 60 ఫ్రేములు, అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన స్విచ్ కూర్పులో 30. పీసీకి కనీసం కావాల్సింది ఐ5-2300 ప్రాసెసర్, 6 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 460 కార్డు, 8 జీబీ డిస్క్ జాగా. ఇంట్లో మూల పడేసిన పాత గేమింగ్ పీసీ కూడా దీన్ని లాగేస్తుంది. కంట్రోలర్ మాత్రం తప్పనిసరి అనుకోండి. కీబోర్డు, మౌస్‌తో ఆడొచ్చు గానీ, షీల్డ్ ఎత్తడం, దొర్లడం, కెమెరా తిప్పడం ఒకేసారి చేయాల్సి వచ్చినప్పుడు వేళ్లు చాలవు.

ముందు బరువు సంగతి. స్టేటస్ స్క్రీన్‌లో ఎక్విప్ లోడ్ దగ్గర రెండు అంకెలుంటాయి: ఇప్పుడు మోస్తున్నది, మోయగలిగినది. మోయగలిగినది అంటే ఎండ్యూరెన్స్‌కి (మీ పాత్ర ఓర్పు చూపే అంకె) 40 కలపగా వచ్చేది. నైట్ క్లాస్‌కి (మొదట ఎంచుకునే పాత్ర రకాల్లో ఒకటి) ఎండ్యూరెన్స్ 10తో మొదలవుతుంది కాబట్టి పరిమితి 50. ఒంటిమీదిది అందులో పావు వంతు, అంటే 12.5 దాటకపోతే దొర్లడం చురుగ్గా ఉంటుంది. సగం, అంటే 25 దాటకపోతే మధ్యరకం. అదీ దాటిందా, మనిషి బియ్యం బస్తా పడ్డట్టు దభీమని పడతాడు, లేచేలోపే ఇంకో దెబ్బ. పైగా స్టామినా (దాడికి, దొర్లడానికి, షీల్డ్‌తో ఆపడానికి ఖర్చయ్యే ఓపిక) నిండే వేగం కూడా తగ్గిపోతుంది. బ్యాగ్‌లో ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. తొడిగినవి, చేతుల స్లాట్లలో పెట్టినవి మాత్రం వస్తాయి. ఎప్పుడో పనికొస్తుందని రెండో స్లాట్‌లో ఉంచేసిన విల్లు బరువు కూడా అందులో కలిసే ఉంటుంది. దొర్లుడు హఠాత్తుగా నెమ్మదించిందంటే మొదట చూడాల్సింది అక్కడే.

లెవెల్ పెంచేటప్పుడు ఎండ్యూరెన్స్‌కి మొదటి పీట వేయండి. 40 వరకు స్టామినా, మోసే బరువు రెండూ పెరుగుతాయి. ఆ తర్వాత బరువు ఒక్కటే. రెజిస్టెన్స్‌లో పాయింట్లు పెట్టడం దండగ. ఒకసారి పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకునే వీలు ఈ ఆటలో లేదు. ఇంకో మాట. షీల్డ్ ఎత్తిపట్టుకుని ఉన్నంతసేపూ స్టామినా చూపే ఆకుపచ్చ గీత నత్తనడకన నిండుతుంది. దెబ్బ ఆపారా, వెంటనే షీల్డ్ దించండి, గీత నిండనివ్వండి, మళ్లీ ఎత్తండి. ఈ లయ పట్టుబడితే మొదట్లో వచ్చే అన్‌డెడ్ బర్గ్ అనే ప్రాంతంలో ఎవడూ మిమ్మల్ని ఆపలేడు. షీల్డ్ కూడా శారీరక దెబ్బని నూటికి నూరు ఆపేదే చూసుకోవాలి. బర్గ్‌లోని వ్యాపారి దగ్గర 1000 సోల్స్‌కి (శత్రువుల్ని చంపితే వచ్చే ఆటలోని డబ్బు) దొరికే హీటర్ షీల్డ్ అలాంటిదే, బరువూ 2 మాత్రమే.

ఇక దారి. ఆట అసలు మొదలయ్యే ఫైర్‌లింక్ ష్రైన్‌లో దిగగానే మూడు దారులుంటాయి. శ్మశానం వైపు వెళ్తే అస్థిపంజరాలు రెండు పోట్లలో పని ముగిస్తాయి. లిఫ్ట్ దిగి న్యూ లోండోకి వెళ్తే దెయ్యాలు. శాపం ఒంటిమీద లేకపోతే మన కత్తి వాటికి తగలనే తగలదు. మొదట పట్టాల్సింది కొండ అంచున మెట్లెక్కి, పాత నీటి కాలువ గుండా అన్‌డెడ్ బర్గ్‌కి పోయేది. "ఇక్కడ శత్రువులు మరీ గట్టిగా ఉన్నారే" అనిపిస్తే మీకు చేతకాక కాదు, ఇంకా రావాల్సిన సమయం కాని చోటికి వచ్చారని అర్థం.

సరైన దారిలో వెళ్లినవాళ్లకి ఆట ఇచ్చే బహుమతి ఒకటుంది. బర్గ్ కోట గోడలు ఎక్కి, అక్కడి టారస్ డీమన్‌ని దాటి, వంతెన మీద డ్రాగన్ మంట తప్పించుకుని, అన్‌డెడ్ పారిష్ చర్చి దాకా చేరతారు. ఎంత దూరం వచ్చేశామో అనిపిస్తుంటుంది, ప్రాణం నింపే ఎస్టస్ సీసా అడుగంటి ఉంటుంది. చర్చి పక్కన ఒక లిఫ్ట్. ఎక్కి నిలబడితే కిందకి దిగుతూనే ఉంటుంది, దిగుతూనే ఉంటుంది. తలుపు దాటి నాలుగడుగులు వేస్తే ఎదురుగా మొదలైన చోటే, సేదతీరే ఫైర్‌లింక్ మంటే! ఇన్ని గంటలు పోయి వచ్చింది మన ఇంటి నడినెత్తికేనన్నమాట. లార్డ్‌వెసెల్ అనే వస్తువు దొరికేదాకా ఒక మంట నుంచి ఇంకో మంటకి ఎగిరిపోయే వీలుండదు కాబట్టి ఇలాంటి అడ్డదారుల విలువ కాళ్లకి తెలుస్తుంది. మ్యాప్ ఇవ్వని ఈ ఆటలో దారులన్నీ బుర్రలోనే గీసుకుంటాం. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ఆటలు మొదటి నుంచే వార్పింగ్ ఇచ్చి ఈ సుఖాన్ని పోగొట్టుకున్నాయి.

ఆయుధం విషయంలో చాలా చోట్ల ఒక సలహా కనిపిస్తుంది: వంతెన కింద నిలబడి డ్రాగన్ తోకకి బాణాలు కొట్టి డ్రేక్ స్వోర్డ్ తెచ్చుకోమని. 200 దెబ్బ మొదట్లో బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ ఆ కత్తికి స్కేలింగ్ లేదు. బలం, డెక్స్ (చేతి నేర్పు) ఎంత పెంచినా దెబ్బ అంగుళం కదలదు. పెంచాలంటే అరుదుగా దొరికే డ్రాగన్ స్కేల్స్ కావాలి. సెన్స్ ఫోర్ట్రెస్ అనే కోట చేరేసరికి తేలిపోతుంది. దానికంటే అదే వంతెన మీద పడి ఉన్న క్లేమోర్ తీసుకోండి. కావాల్సిన 16 బలం, 10 డెక్స్ రెండు కత్తులకీ ఒకటే. ఆండ్రే కమ్మరి దగ్గర 9 టైటనైట్ షార్డ్‌లతో (ఆయుధం పెంచే రాళ్లు) +5 స్థాయికి చేరుతుంది, షార్డ్ ఒక్కొక్కటి 800 సోల్స్‌కి ఆయనే అమ్ముతాడు. +10కి లార్జ్ ఎంబర్ అనే వస్తువు కావాలి, అది డెప్త్స్ అనే ప్రాంతంలో ఉంది. బాస్ దగ్గర ఇరుక్కుపోతే లెవెల్ కంటే ముందు ఆయుధం పెంచండి, తేడా మొదటి దెబ్బకే కనిపిస్తుంది. ఆండ్రే ముందు నిలబడి పొరపాటున దాడి బటన్ నొక్కొద్దు. ఆట ఎప్పటికప్పుడు సేవ్ అయిపోతుంది, ఆయన పగబడితే అంతే. గార్గాయిల్స్ అనే బాస్‌లని చంపాక గంట గోపురం దగ్గరికొచ్చే ఆస్వాల్డ్‌కి మీ లెవెల్‌కి 500 చొప్పున సోల్స్ కడితేనే పాపం పోతుంది.

గంట గోపురం గార్గాయిల్స్‌ది కొత్తవాళ్లకి నిజమైన మొదటి పరీక్ష. మొదటిదాని ప్రాణం సగానికి వచ్చేసరికి రెండోది దిగుతుంది, అందుకే ఆ సగం దాటేటప్పుడు స్టామినా నిండుగా ఉంచుకోండి. వాటికి మెరుపు దెబ్బ ఎక్కువగా తగులుతుంది. బర్గ్‌లో తాళం వేసిన ఇంట్లో మూడు గోల్డ్ పైన్ రెజిన్‌లుంటాయి, కత్తికి మెరుపు అంటించే ఆ జిగురు పూసి కొడితే పని సగం తగ్గుతుంది. మంట దగ్గర హ్యూమానిటీ అనే వస్తువు వాడి మనిషి రూపంలోకి వస్తే సోలేర్ అనే యోధుణ్ని సాయానికి పిలుచుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఉంటే ఆ రూపంలో వేరేవాళ్లు మీ ఆటలోకి చొరబడే ప్రమాదం ఉందని మాత్రం గుర్తుంచుకోండి. కాప్రా డీమన్ గది ఇంకో తలనొప్పి. ఇరుకు గది, రెండు కుక్కలు, ముందు నుయ్యి వెనక గొయ్యి. గుమ్మంలోని పొగమంచు తెర దాటగానే పక్కనున్న మెట్లెక్కేసి, వెంటవచ్చిన కుక్కల్ని ముందు తీసేయాలి. ఆ తర్వాత డీమన్ ఒక్కడే మామూలు శత్రువు.

బ్లైట్‌టౌన్ అనే విషపు ప్రాంతం పాత కన్సోళ్లలో ఫ్రేములు పడిపోయి నరకం చూపించేది. రీమాస్టర్డ్‌లో ఆ బాధ తీరింది, విషం బాధ తీరలేదు. ఊదుడు బాణాల వాళ్లు కొట్టే టాక్సిక్ అనే గట్టి విషానికి మందుగా మామూలు పర్పుల్ మాస్ పనిచేయదు, బ్లూమింగ్ పర్పుల్ మాస్ కావాలి. ఆ బాణాల వాళ్లని ఒక్కసారి చంపితే మళ్లీ పుట్టరు, కాబట్టి పారిపోకుండా వెతికి చంపడమే లాభం. మొదట్లో గిఫ్ట్‌గా మాస్టర్ కీ తీసుకున్నవాళ్లకి అసలు పైనుంచి దిగే పనే లేదు. న్యూ లోండో పక్క తలుపు తీసి, వ్యాలీ ఆఫ్ డ్రేక్స్ మీదుగా నీటిచక్రం లిఫ్ట్ దగ్గరికి చేరిపోవచ్చు.

అనోర్ లోండో నగరం తర్వాత మాత్రం ఆట స్థాయి పడిపోతుంది, ఇది దాచాల్సిన పని లేదు. అల్లుకుపోయిన దారుల బదులు నాలుగు వేర్వేరు కొసలు మిగులుతాయి. వాటిలో ఒకటైన లాస్ట్ ఇజలిత్‌లో లావా కళ్లు చిట్లేలా ఉంటుంది, ఒకేరకం శత్రువుల్ని వరుసగా నిలబెట్టేశారు. అక్కడి బెడ్ ఆఫ్ కేయాస్ అనే బాస్‌తో పోరులో నైపుణ్యం కంటే గుంతలో పడకుండా ఉండటమే ముఖ్యం. పగలగొట్టిన భాగాలు మీరు చచ్చినా అలాగే ఉంటాయి, కాబట్టి ఒక్కో ప్రయత్నంలో ఒక్కో వైపు ముగించుకోండి చాలు. రీమాస్టర్డ్‌లో ఈ లోపాల్ని ముట్టుకోలేదు. ఫ్రేములు పెరిగాయి, సోల్స్ ఒకేసారి బోలెడు వాడుకోవచ్చు, స్నేహితుడితో కలవడానికి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, కాటకూంబ్స్‌లో వామోస్ కమ్మరి పక్కన కొత్త మంట వచ్చింది. అంతకు మించి మార్పులు తక్కువే.

పీసీలో ఆడేవాళ్లు సేవ్ ఫైల్‌ని అప్పుడప్పుడు కాపీ చేసి పెట్టుకోండి. డాక్యుమెంట్స్‌లో ఎన్‌బీజీఐ ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ ఫైల్ పేరులో అక్షరాలు తారుమారై డార్క్స్ బదులు డ్రాక్స్ అని ఉంటుంది, వెతికేటప్పుడు అది గుర్తుంచుకోండి.

అసలు ఆట రెండో సగంలో పోగొట్టుకున్నదంతా ఆర్టోరియస్ ఆఫ్ ది అబిస్ అనే అదనపు భాగంలో తిరిగి దొరుకుతుంది. రీమాస్టర్డ్‌లో అది కలిసే వస్తుంది గానీ తలుపు దాచిపెట్టారు. డార్క్‌రూట్ బేసిన్‌లో హైడ్రాని చంపి, దాని వెనక వైపు కనిపించే బంగారు స్ఫటిక గోలెమ్‌ని పగలగొట్టి లోపలున్న డస్క్ అనే రాకుమారిని విడిపించాలి. గోలెమ్ కనిపించకపోతే ఆట మూసి తెరవండి. లార్డ్‌వెసెల్ దొరికాక డ్యూక్స్ ఆర్కైవ్స్‌లో ఒక నీలి స్ఫటిక గోలెమ్ దగ్గర బ్రోకెన్ పెండెంట్ దొరుకుతుంది. అది పట్టుకుని డస్క్ కనిపించిన చోటికే మళ్లీ వెళ్లాలి. ఇదంతా చివరి బాస్‌కి ముందే చేసుకోండి. గ్విన్‌ని చంపి ఆట ముగించాక పేర్లు పడటం ఆలస్యం, మిమ్మల్ని అడగకుండానే శత్రువులు ఇంకా గట్టిపడిన కొత్త ఆటలో మొదటి జైలు గదిలో పడేస్తుంది.